మలీదకు పదో మనిషి

"పాసైన! బి.ఏ. పాసైన! సెకండ్ క్లాస్!"

కామారెడ్డి స్టేషన్‌లో ఫోన్ చెవికి ఆనించుకుని నేను అరిచిన మొదటి మాట ఇది. అవతల నిజామాబాద్ స్టేషన్‌లో ఫోన్ ఎత్తినాయన ఎవరో నాకు తెలియదు. ఆయన నాకంటే గట్టిగా అరిచాడు.

"ఏ బండి పాసైంది? ఇటొచ్చేదా, అటు పోయేదా?"

"బండి కాదన్నా, నేను పాసైన!"

"నువ్వు ఏ బండమ్మా?"

రైల్వే ఫోన్‌లో పాస్ అంటే ఒక్కటే అర్థం. స్టేషన్‌లో ఆగకుండా పోయిన బండి. మా వంశంలో మొట్టమొదటి బి.ఏ.ని నేను. ఆడవాళ్లలోనే కాదు, మగవాళ్లను కలుపుకున్నా నేనే. ఆ సంగతి లోకానికి చెబుదామని ఫోన్ అందుకుంటే లోకం నన్ను గూడ్సు బండి అనుకుంది. పక్కనే ఉన్న మా నాన్న ఫోన్ లాక్కుని, "ఏం లేదు భాయ్, మా పోరి. మా బామ్మర్ది గార్డు సాబ్ డ్యూటీ దిగంగనే జర ఫోన్ జెయ్యమను," అని పెట్టేశాడు.

ఆయన ఆ స్టేషన్‌లో పార్సిల్ క్లర్కు. ఆయన్ని మేము బాబా అంటాం, అమ్మను ఆయి అంటాం. మా ఇంట్లో మాట మరాఠీ. మా పెద్దలు కొంకణ తీరంలో నూనె గానుగలు ఆడించిన యూదులు. తర్వాత తాతలు రైల్వేలో చేరి, పట్టాలు ఎటు పోతే అటు వచ్చారు. అట్లా వచ్చి వచ్చి మేము కామారెడ్డిలో దిగాం. ఊరంతటికీ యూదుల ఇల్లు మాదొక్కటే.

రిజల్టు తెలిసి హైదరాబాద్ నుంచి పొద్దుటి బండిలో వచ్చాను. ప్లాట్‌ఫాం మీద బాబాకు చెప్పాను, స్టేషన్ ఫోన్‌లో లోకానికి చెప్పబోయాను, ఆ తర్వాత క్వార్టర్‌కు పరుగెత్తి ఆయికి చెప్పాను. ఆమె పొయ్యి ముందు నుంచి లేచింది. చేతులు చెంగుకు తుడుచుకుంది. నన్ను దగ్గరికి తీసుకుంటుందనుకున్నాను.

"పదిమందిని పిలువుండ్రి," అంది.

అంతే. ఆ రోజు నుంచి మా ఇంట్లో నా బి.ఏ. గురించి ఎవరూ మాట్లాడలేదు. పదిమంది గురించే మాట్లాడారు.

సంగతేమిటంటే, నేను కాలేజీకి బయల్దేరిన రోజున ఆయి గోడ మీది ఎలియాహు ప్రవక్త పటం ముందు నిలబడి ఒక మొక్కు మొక్కింది. బిడ్డ బి.ఏ. అయితే మలీద పెడతానని, అప్పటిదాకా చాయ్‌లో చక్కెర ముట్టనని. అప్పటి నుంచి చేదు చాయ్ తాగుతూనే ఉంది. మలీద అంటే మా వాళ్లకు నానబెట్టిన అటుకులు, కొబ్బరి కోరు, బెల్లం, యాలకులు. చుట్టూ రకరకాల పండ్లు పేర్చి, ఒక్కొక్క దానికీ దీవెన చదివి, ప్రవక్త పాట పాడి, అందరూ కలిసి తినాలి. కొంతమంది ఇంట్లోవాళ్లతోనే కానిచ్చేస్తారు. ఆయి మాత్రం పటం ముందు "పదిమందితోని" అనేసింది. పదిమంది అంటే పదిమంది యూదు మగవాళ్లు. అంతకు ఒక్కరు తక్కువైనా అది సభ కాదు, ఊరికే జనం కూర్చోవడం.

"నేను లెక్కకు వస్తనా?" అని చిన్నప్పుడే అడిగాను.

"ఆడపిల్లవు, నువ్వు అటుకులు కడుగు," అంది ఆయి.

అటుకులు కడుగుతూనే బి.ఏ. అయ్యాను. ఔరంగాబాద్‌లో ఆడపిల్లల బడిలో టీచరమ్మ ఉద్యోగం కూడా వచ్చింది. బడి తెరిచే రోజుకు చేరకపోతే ఆ కుర్చీలో ఇంకొకరు కూర్చుంటారు. ఆయి మాత్రం మొక్కు తీరకుండా గడప దాటొద్దంది. నా ఉద్యోగం అక్కడ, నేను ఇక్కడ. మధ్యలో పదిమంది మగవాళ్లు, వాళ్ల డ్యూటీలు.

డ్యూటీల సంగతి చెప్పాలి. సికింద్రాబాద్ నుంచి నిజామాబాద్ దాకా ఉన్న మా వాళ్లందరూ రైల్వేవాళ్లే. గార్డులు, ఫిట్టర్లు, ఒక డ్రైవరు. అందరూ ఒకే రోజు సెలవు పెడితే బండ్లు నడవవు. బండ్లు నడవకపోతే వాళ్లు కామారెడ్డి రాలేరు. మా పండుగలన్నీ ఈ చిక్కులోనే పడేవి. చిన్నప్పుడు నాకు గుర్తున్న పండుగ అంటే, తెల్ల బట్టలు కట్టుకున్న ఐదారుగురు మగవాళ్లు మా ముందు గదిలో కూర్చుని, ఇంకో బండి వస్తుందేమోనని చెవులు రిక్కించడమే. బండి కూత వినిపిస్తే అందరూ లేచేవాళ్లు. అది గూడ్సు అని తెలిశాక మళ్లీ కూర్చునేవాళ్లు. ఆఖరికి ఎవరికి వాళ్లు ప్రార్థన గొణుక్కుని, తిని, తిరుగు బండికి పోయేవాళ్లు.

ఊళ్లో మేమెవరమో ఎవరికీ అర్థం కాకపోవడం ఇంకో విసుగు. పక్క క్వార్టర్‌లో పట్టాల పని చేసే మేస్త్రీ తల్లి ఉంటుంది. మేమంతా ఆమెను అవ్వ అంటాం. నాకు ఊహ తెలిసినప్పటి నుంచీ ఆమె ఆయిని అడుగుతూనే ఉండేది.

"మీరు తురకోల్లా?"

"కాదవ్వా."

"కిరస్తానపోల్లా?"

"కాదు."

"మరి ఏందుల్ల?"

ఆయికి తెలుగు అప్పటికి సరిగ్గా రాదు. ఆఖరికి ఒకరోజు "శనారం పని చెయ్యనోల్లం," అంది.

అవ్వ ముఖం వెలిగిపోయింది. "గట్ల చెప్పరాదు! శనేశ్వరున్ని మొక్కెటోల్లన్నట్టు!"

ఆ వారం నుంచి ప్రతి శనివారం తెల్లారకముందే మా గడప ముందు చిన్న గిన్నెలో నువ్వుల నూనె ఉండేది. ఆయి ఎంత చెప్పినా ఆగలేదు. ఆ నూనెను ఆయి శుక్రవారం సాయంత్రం గాజుబుడ్డిలో నీళ్ల మీద పోసి మా దీపం వెలిగించేది. కాబట్టి నా చిన్నతనమంతా మా శబ్బతు దీపం, అంటే శనివారపు విశ్రాంతి దీపం, అవ్వ పంపిన శనేశ్వరుడి నూనెతోనే వెలిగింది. ఇప్పుడు చెబుతుంటే నవ్వొస్తుంది కానీ బడిలో పిల్లలు నన్ను "శని పోరి" అని పిలిచినప్పుడు మాత్రం రాలేదు.

మలీదకు ఒక ఆదివారం ఖాయం చేశాం. బాబా స్టేషన్ ఫోన్‌లో, బండ్ల మధ్య సందు చూసుకుని, అందరినీ పిలిచాడు. బాబాతో కలిపి తొమ్మిదిమంది తేలారు. పదోవాడు ఎల్లారెడ్డిలో ఉన్నాడు. సర్కారు దవాఖానలో కొత్తగా వచ్చిన డాక్టరు. జర్మనీ నుంచి పారిపోయి వచ్చిన యూదుడని బస్సు డ్రైవరు చెప్పగా విన్నాం. ఆయన్ని మాలో ఎవరూ చూడలేదు. డ్రైవరుతోనే కబురు పెడితే "వస్త" అని కబురొచ్చింది.

ఆదివారం వచ్చింది. తొమ్మిదిమందీ కూడారు, మా చరిత్రలో అదొక వింత. సికింద్రాబాద్ నుంచి పాటల తాత వచ్చాడు. ప్రవక్త పాట మొత్తం కంఠతా వచ్చినవాడు ఆయనొక్కడే. నిజామాబాద్ నుంచి ఆయి తమ్ముడు, గార్డు మామ, రాత్రి డ్యూటీ దిగి తిన్నగా వచ్చి గోడకు ఆనుకుని గురక మొదలుపెట్టాడు. ఆయి అటుకులు తడిపింది, కొబ్బరి కలిపింది, పళ్లెం మీద తెల్లగుడ్డ కప్పింది. ఎల్లారెడ్డి బస్సు వచ్చింది. డ్రైవరు దిగాడు. వెనక ఎవరూ లేరు.

"డాక్టర్ సాబ్‌కు ఇజాజత్ రాలేదట," అన్నాడు. "జర్మనీ ఆయన గదా. జర్మనీతోని లడాయి నడుస్తుంది. తాలూకా దాటొద్దని పోలీసుల హుకుం."

తొమ్మిదిమంది ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. అప్పుడే తలుపు దగ్గర సందడి. అవ్వ, ఆమె కోడలు, ఇంకా క్వార్టర్ల ఆడవాళ్లు తలా ఒక గిన్నెతో నిలబడ్డారు. గిన్నెల నిండా మలీద ముద్దలు. జొన్నరొట్టెలు నలిపి, బెల్లం, నెయ్యి వేసి కట్టిన ముద్దలు. బతుకమ్మకు చేసుకునే మలీద అది.

"నీ బిడ్డకు మలీద అంటివి గదా ఆయమ్మా," అంది అవ్వ. "తెల్లారంగ లేసి రొట్టెలు కొట్టిన."

"అవ్వా, మా మలీద అటుకులది. ఇది దాంట్ల కలవది."

"అటుకులా? అటుకులకు మలీద అని ఎవడు పేరు పెట్టిండు?"

పాటల తాత ముసిముసిగా నవ్వాడు. ఆయి నవ్వలేదు. నాకు మాత్రం ఒళ్లు మండిపోయింది. లోపలి గది నుంచి ముందు గదిలోకి వచ్చేశాను.

"నన్ను లెక్కబెట్టుండ్రి. మలీద నా కోసమే గదా. నేను సదువుత, నాకు హీబ్రూ అక్షరాలు వస్తయి."

మామ కళ్లు తెరిచాడు. "బి.ఏ. పాసైతే గడ్డం మొలుస్తదానే?"

"గడ్డమున్నోల్లంత నిద్రపోతున్నరు మామా!"

"పోరీ, లోపలికి నడువు," అన్నాడు బాబా, మెల్లగానే.

దీవెన చదవని మలీదను మేము ముట్టకూడదు. పొద్దుటి నుంచి ఉపవాసంతో ఉన్న తొమ్మిదిమంది యూదులు ఆఖరికి అవ్వ తెచ్చిన బతుకమ్మ మలీద తిన్నారు. బాబా తప్ప అందరూ సాయంత్రం బండికి పోయారు. మామ అయితే రెండు ముద్దలు కండువాలో కట్టుకుని మరీ పోయాడు. తడిసిన అటుకులు పులిసిపోయాయి. వాటిని పారబోయడానికి ఆయికి చేతులు రాలేదు. అవ్వ బర్రెకు పెట్టింది. తెల్లారి అవ్వ వచ్చి, "నా బర్రె ఇయ్యాల బి.ఏ. పాసైనంత సంబురంగున్నది," అంది. అదొక్కటే ఆ వారం నా డిగ్రీకి దక్కిన అభినందన.

ఆయి మళ్లీ చేదు చాయ్ పోసుకుంది. అది చూసి ఉండబట్టలేక ఎల్లారెడ్డికి నేనే పోతానన్నాను. హుకుం ఏమిటో చూస్తాను, ఆ డాక్టరు నిజంగా మావాడేనో కాదో చూస్తాను. ఒక్కతిని పంపేది లేదన్నాడు బాబా. అవ్వ తోడు వచ్చింది.

బస్సు దిగి ముందు అమీన్ సాబ్ దగ్గరికే పోయాం. పోలీసు ఠాణాకు ఆయనే పెద్ద. మంచివాడే, అందుకే ఇంకా విసుగొచ్చింది. కోప్పడడానికి వీల్లేదు.

"మలీదనా? ఏ దర్గకమ్మా?"

"దర్గ కాదు సాబ్, మా ఇంట్ల."

"అచ్ఛా. ఏదైతేంది, డాక్టర్ సాబ్ తాలూకా దాటొద్దు. నా చేతుల లేదు. హైదరాబాద్‌కు రాసిన. జవాబు ఎప్పుడొస్తదో ఖుదాకు ఎరుక."

"బడి తెరిచేలోపు వస్తదా సాబ్?"

"ఏ ఏడు తెరిచే బడి?" అని తన మాటకు తానే నవ్వాడు. నేను నవ్వకపోవడం చూసి ఆపేశాడు.

అప్పుడు తట్టింది నాకు. "సాబ్, ఆయన దాటొద్దు. మేము రావొచ్చా?"

ఆయన మీసం దువ్వుకుంటూ ఆలోచించాడు. "మీరు రావొద్దని హుకుం లేదు."

"పదిమంది ఒక్కతాన కూసోవచ్చా?"

"కూసోని ఏం జేస్తరు?"

"పాట పాడి అటుకులు తింటం."

"అటుకులా! మలీదల అటుకులేందమ్మా?"

"నేనదే అంటున్న సాబ్," అంది అవ్వ.

కూసోని తినుండ్రి అని అమీన్ సాబ్ నవ్వుతూ పంపించాడు. దవాఖానకు పోయేసరికి బయట జనం కూర్చుని ఉన్నారు. డాక్టరు పొడుగ్గా, ఎండకు కందిపోయి ఉన్నాడు. మమ్మల్ని చూడగానే అవ్వ వైపు తిరిగి, "నాల్క సూపెట్టు," అన్నాడు. అవ్వ వెంటనే నాలుక చాపింది. ఆయనకు వచ్చిన తెలుగు అంతా కాంపౌండరు నేర్పిన రోగాల తెలుగే. నేను ఇంగ్లీషు అందుకున్నాను. మేమెవరమో చెప్పాను. ఆయన నన్ను కింది నుంచి పైదాకా చూశాడు. నా చీర, నల్లటి నా చేతులు, పక్కన ఇంకా నాలుక పూర్తిగా లోపలికి తీసుకోని అవ్వ.

"మీరు యూదులా?" అన్నాడు.

ఆ చూపు నాకు తెలుసు. అవ్వది కూడా అదే ప్రశ్న, కాకపోతే అవ్వ అడిగినప్పుడు నొప్పి పుట్టలేదు. కోపంతోనే, మేము పొద్దున మాపున చెప్పుకునే ఒకే ఒక వాక్యం చెప్పాను. ఇస్రాయేలూ విను, మన దేవుడు ఒక్కడే అని హీబ్రూలో ఉండే వాక్యం. ఆయన చేతిలో ఉన్న మందు సీసా బల్ల మీద పెట్టి, మెల్లగా అదే వాక్యం చెప్పాడు. ఆయన పలికిన తీరు వేరు, మా ఆయి వింటే తప్పు దిద్దేది. మాటలు మాత్రం అవే.

తర్వాత ఆయన కూడా విసుక్కున్నాడు, అది నాకు హాయిగా అనిపించింది. యూదుడివి పో అని జర్మనీవాళ్లు తరిమారట. జర్మనీవాడివి కదలకు అని ఇక్కడ ఆపారట. ప్రార్థనలు చాలావరకు మరిచిపోయానని చెప్పాడు.

"మా ఊళ్లో ప్రార్థన మందిరం చాలా పెద్దది. నేను మధ్యలో లేచి సిగరెట్టు తాగడానికి పోయేవాణ్ని. పోయానని ఎవరికీ తెలిసేది కాదు."

"పోయిన ఆదివారం మీరు రాలేదని తొమ్మిదిమందికి తెలిసింది," అన్నాను. "ఆకలితో కూర్చున్నారు. మా అమ్మ చాలా కాలంగా చాయ్‌లో చక్కెర వేసుకోవడం లేదు."

ఆయన కుర్చీ లాక్కుని కూర్చున్నాడు. తర్వాత ఇంగ్లీషు వదిలేసి, తనకు వచ్చిన తెలుగులో, రోగిని అడిగినట్టే అడిగాడు.

"ఎన్ని దినాలాయె?"

నాకు నవ్వూ ఏడుపూ ఒక్కసారే వచ్చాయి. అవ్వ అందుకుంది. "దినాలు కాదు సారూ, ఏండ్లాయె. పోరి కాలేజీకి పోయినకాడి నుంచి."

తన క్వార్టర్‌లో ముందు గది పెద్దదేనని, కుర్చీలు లేవని ఆయన చెప్పాడు. మాకు చాపలు చాలన్నాను. తిరుగు బస్సులో అవ్వ అడిగింది, "గాయన గూడ శనారపోడేనా?" అవునన్నాను. "పాపం, గంత దూరంకెల్లొచ్చిండు. గాయనకు నూనె ఎవలిస్తున్నరు?"

ఇంటికి వచ్చి చెబితే ఆయి లేచి నిలబడింది. "ఎల్లారెడ్డిల చేద్దాం," అంది ఒక్క క్షణం ఆగకుండా. మొక్కులో పదిమంది అన్నది కానీ ఏ ఊరో అనలేదట. సంబరపడ్డాను. ఆ తర్వాత లెక్క వేసుకుంటే మళ్లీ తల పట్టుకున్నాను. ఇంతకుముందు వాళ్లంతా ఒక బండి అందుకుంటే చాలు. ఇప్పుడు బండి దిగి ఎల్లారెడ్డి బస్సు కూడా అందుకోవాలి, మలీద అయిపోయాక తిరిగి రావాలి, అంటే ఒక్క పూట కాదు, రెండు రోజుల సెలవు. లడాయి వల్ల పెట్రోలు దొరకని రోజు బస్సే ఉండదు. బడి తెరవడానికి ఇంకా ఒక్క ఆదివారమే మిగిలింది.

బాబా చేతులెత్తేశాడు. "నేను ఒకసారి పిలిచిన. రెండోసారి పిలువ ముఖం చెల్లదు. నీకు అంత ఉంటే నువ్వే పిలువు."

కాబట్టి ఇప్పుడు స్టేషన్ మాస్టరు గది బయట బెంచీ మీద కూర్చున్నాను. రెండు బండ్ల మధ్య ఫోన్ ఖాళీ అయినప్పుడల్లా లోపలికి పిలుస్తున్నారు. లెక్కకు రానిదాన్ని నేనే లెక్క చూస్తున్నాను. ప్రతివాళ్లకూ ముందు నా బి.ఏ. సంగతి చెబుతున్నాను. ప్రతివాళ్లూ "షాబాష్ బిడ్డా" అంటున్నారు. ఆ వెంటనే డ్యూటీ గుర్తుకొస్తోంది. అయినా ఐదుగురు సరే అన్నారు. బాబాతో ఆరు, డాక్టరుతో ఏడు.

ఇంకా ఫోన్ చేయాల్సిన వాళ్లు:

పాటల తాత. ఫోన్‌లో ఆయనకు వినపడదు. కోడలితో చెప్పించాలి. ఆయన లేకపోతే పాట మధ్యలో ఆగిపోతుంది.

సికింద్రాబాద్ లోకో షెడ్డులో ఫిట్టరు. ఆయన అన్న వస్తానన్నాడు. వాళ్లిద్దరికీ మాటలు లేవు, పోయినసారి చెరో మూల కూర్చున్నారు, కాబట్టి ఈసారి అన్న వస్తున్న సంగతి ఈయనకు చెప్పకూడదు.

గార్డు మామ, మళ్లీ. రెండు రోజుల సెలవు అనగానే లైను కట్ అయిందన్నాడు. కట్ కాలేదు. గడ్డం మాట గుర్తు చేసి, అవ్వ రొట్టె మలీద మళ్లీ చేస్తోందని చెప్పాలి.

సికింద్రాబాద్ దారిలో భిక్నూర్ స్టేషన్. మనవాళ్లెవరూ లేరు, కానీ ఆదివారం పొద్దుటి బండిని అక్కడ ఎక్కువసేపు ఆపొద్దని బతిమాలాలి. లేకపోతే బస్సు పోతుంది.

నిజామాబాద్‌లో మొదటి రోజు ఫోన్ ఎత్తిన అన్న. నేను ఏ బండినో ఆయనకు ఇంకా తెలియదు.